ఉప్పు చూసే మనిషి

ఆయన పోయిన సంగతి మా వీధికి మూడు రోజుల తర్వాత తెలిసింది. గడపల పక్కన బకెట్లు నిండిపోయి, వాటి మీద ఈగలు ముసిరాక, "పెంటతాత యాడబోయినాడబ్బా, కనపడనే లేదు" అని ఆడవాళ్లు ఒకరినొకరు అడుక్కున్నారు. నాలుగోనాడు పాలాయన చెప్పాడు. చేనులోనే, ఎరువు గుంత పక్కన పడిపోయాడట. కొడుకు, కోడలు, మనవరాలు గుంటూరు దిక్కు మిరపకాయల కోతలో ఉన్నారు. వాళ్లు వచ్చేదాకా పక్క చేను రైతు దుప్పటి కప్పి దగ్గర కూర్చున్నాడట.

ఆయన పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. నేను చెప్పబోయే దాంట్లో నా తప్పు ఒకటి ఉంది. దాని పక్కన ఆయన పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు.

పుట్టుకతో నేతగాడు. మగ్గం ఆగిపోయాక ఆయనకు మిగిలింది కోసిగి రోడ్డు పక్కన ఒక ఎకరం. నేల అనడమే గానీ అంతా గరుసు, ఎర్రటి గులకరాయి. పక్క చేను రైతు తన మోటారు నుంచి వారానికి రెండు తడులు ఇచ్చేవాడు. పొద్దున పెట్టిన నీళ్లు మధ్యాహ్నానికి జాడ లేకుండా దిగిపోయేవి. ఆ గరుసును మన్ను చేయాలని ఆయన పట్టుదల. దానికి ఊళ్లో ఇళ్ల వంటింటి చెత్త ఎత్తుకుపోయి గుంతలో మాగబెట్టి, ఏడాదికి కొంత చొప్పున చేనుకు వేసేవాడు.

ఇంత పట్టుదల ఎందుకంటే, మా పడమటి ఊళ్లలో దసరా దాటితే సుగ్గికి పోతారు. ఇళ్లకు తాళాలు వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని, పత్తి తీతకూ మిరపకాయల కోతకూ గుంటూరు వైపు పోయి ఎండలు ముదిరాక తిరిగొస్తారు. మగ్గాలు ఆగాక ఆయన కొడుకూ కోడలూ ఆ దారే పట్టారు. ఉన్నది ఒక్క మనవరాలు. ఆ పిల్లను తాత దగ్గరే వదిలి పోయేవాళ్లు గానీ, పెద్దవుతున్న పిల్లను ఇంకెన్నేళ్లు వదులుతారని ఆయన బెంగ.

"పావెకరం మన్నయితే సాలు శెట్టప్పా," అనేవాడు నాతో. "మటిక్కాయ, వంకాయ, ఆకుకూర. నా కోడలు ఈడే ఉంటాది. కోడలుంటే పాప ఉంటాది. పాపుంటే బడికి పోతాది."

మటిక్కాయంటే గోరుచిక్కుడు. ఈ మాటలు ఎప్పుడూ ఈ వరసలోనే చెప్పేవాడు. నాది బజార్లో బడి పుస్తకాల అంగడి. జూన్ నెలలో ఆ పిల్లను వెంటబెట్టుకుని వచ్చి, నోటుబుక్కు కాగితాన్ని వేళ్ల మధ్య పెట్టి బట్ట చూసినట్టు చూసేవాడు. "పల్చగుండాది, ఇంకోటి తియ్యి" అనేవాడు. ఆ పిల్ల తల వంచుకుని నవ్వేది.

పొద్దున ఏడింటికి తోపుడుబండి మీద మూడు నీలం డ్రమ్ములు పెట్టుకుని వచ్చేవాడు. గేటు ముందర ఆగి "మేత పెట్టండమ్మా" అని కేక వేసేవాడు. చెత్త అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. బకెట్టు చేతికిస్తే వెంటనే డ్రమ్ములో పోసేవాడు కాదు. అడుగున చేరిన నీళ్లలో రెండు వేళ్లు ముంచి నాలిక చివర పెట్టుకునేవాడు. కాసేపు కళ్లు మూసుకుని, ఎడమ పక్కకు తిరిగి ఉమ్మి, తువ్వాలుతో వేళ్లు తుడుచుకునేవాడు. కరోనా వచ్చిపోయాక ఆయనకు వాసన తెలియకుండా పోయింది. అంతకుముందు మూత తీస్తే చాలు, లోపల ఏముందో చెప్పేవాడట. ముక్కు పోయాక నాలికను నమ్ముకున్నాడు.

"ఏందన్నా ఆ పని?" అన్నాను మొదటిసారి చూసినప్పుడు.

"ఉప్పు చూస్తాండా శెట్టప్పా."

"ఉప్పుంటే ఏమయితాది?"

"ఎర్ర సస్తాది. ఎర్ర సస్తే గుంత సస్తాది."

వానపామును మా వైపు ఎర్ర అంటారు. ఉప్పు తగిలితే బకెట్టును గేటు లోపలికి జరిపి ముందుకు పోయేవాడు. సబ్బునీళ్లు కలిసినా అంతే.

ఎదురింటి కోడలు ఆటపట్టించేది. "ఏం తాతా, మా పప్పు ఎట్లుండాది ఈపొద్దు?"

"బాగుండాదమ్మా. మీ అత్త చేసినట్టుండాది."

"చేసింది నేను!"

"అట్లనా. అయితే ఉప్పు రవ్వంత తగ్గించు తల్లీ. నా కోసరం కాదు, మీ ఆయన కోసరం."

వీధంతా నవ్వేది. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు, బండి తోసుకుని పక్క గేటుకు పోయేవాడు.

ఆయన వేళ్లు నేతగాడి వేళ్లు. కూరగాయల తొక్కల్లో చెయ్యి పెడితే, కళ్లు ఎటో చూస్తున్నా, ప్లాస్టిక్ పోగు ఒక్కటి కూడా తప్పిపోయేది కాదు. తెగిన నూలు పోగును పట్టుకున్నట్టు పట్టి లాగేవాడు. చేనును కూడా మూరలతో కొలిచేవాడు. "ఈ నెల ఆరు మూరలు నేసినా" అంటే, ఆరు మూరల గరుసు మన్నయిందని.

ఒకసారి పట్టుబట్టి చేనుకు తీసుకుపోయాడు. గుంత మీది మట్టి పక్కకు తీసి, మోచేతిదాకా చెయ్యి లోపలికి దించి, డాక్టరు మాదిరి కాసేపు ఊరికే ఉన్నాడు. "జరం బాగొచ్చింది" అన్నాడు సంతోషంగా. గుంత వేడెక్కితే లోపల మాగుతున్నట్టట. తర్వాత గడ్డపార నా చేతికిచ్చాడు.

"ఈడ పొడువు."

పొడిచాను. గడ్డపార ఖంగుమని ఎగిరింది. మోచేతులు జివ్వుమన్నాయి. నాలుగడుగులు అవతలికి తీసుకుపోయాడు.

"ఇప్పుడు ఈడ."

జానెడు లోతు దిగింది.

"ఇది మీ వీధే శెట్టప్పా," అన్నాడు. "మీరు తిని పారేసిందే."

ఆయన కొడుక్కు ఇదంతా నామర్దా. తండ్రి బండి ఎదురొస్తే సందులోకి తిరిగిపోయేవాడు. ఒకరోజు అంగడికి వచ్చి, "నాలుగు తరాలు పట్టుచీర పట్టుకున్న చేతులు మావి. ఇప్పుడు ఊరి ఎంగిలి ఎత్తుతాండాయి. నీ మాట వింటాడు, నువ్వన్నా చెప్పు శెట్టప్పా," అన్నాడు. నేను ఆ మాట చేరవేస్తే, ఆయన డ్రమ్ము మూత బిగిస్తూ అన్నాడు: "ఎంగిలి మనకు గానీ మన్నుకు ఏముందప్పా. వాడు పోయి గుంటూర్లో ఎవురి చేనులోనో నడుం వంచుతాండాడు. నేను నా చేనులో వంచుతాండా. యాది నామర్దో నువ్వే చెప్పు."

మూడేళ్ల కిందట ఫాల్గుణంలో మా అమ్మ పోయింది.

మావి ఒకే వరసలో మూడిళ్లు, అన్నదమ్ముల బిడ్డలం. ఒకరింట్లో చావు జరిగితే మూడిళ్లకూ మైల. మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. ప్రాణం పోయిన వెంటనే ఊరగాయ జాడీల మీద దర్భపోచ వేస్తారు. వేయకపోతే ఆ జాడీలకు మైల అంటినట్టే. పదకొండో రోజు శుద్ధి చేసుకునేటప్పుడు అన్నీ పారబోయాలి. ఎవరు పోయినా గుర్తుపెట్టుకుని దర్భ వేసేది మా అమ్మే. ఆమే పోయినప్పుడు, వేయాలని మాలో ఒక్కరికీ తట్టలేదు.

మామిడికాయ ఇంకా రాని కాలం. జాడీల్లో ఉన్నవన్నీ తొక్కులు: చింతకాయ, పండుమిరప, గోంగూర. నెల కిందటే నూరి, ఏడాదికి సరిపడా ఉప్పేసి పెట్టినవి. మూడిళ్లవీ కలిపి తొమ్మిది జాడీలు. మోరీలో పోస్తే మోరీ నిలిచిపోతుందని, గేటు బయట ఆయన బండి కనపడితే, మావాళ్లు డ్రమ్ముల్లోకి వంపేశారు. పైన విస్తరాకులు, మిగిలిన అన్నం వేశారు.

ఆ సమయానికి ఆయన లోపల నాతో మాట్లాడుతున్నాడు. "అమ్మ శానా మంచిది శెట్టప్పా. ఒక్క దినం గూడా నన్ను కసురుకోల్యా," అని, పటానికి దండం పెట్టుకుని బయటికి పోయాడు. డ్రమ్ముల మూతలు పెట్టి బండి తోశాడు. వేళ్లు ముంచలేదు. చావింటి ముందర నిలబడి వాళ్ల ఎంగిలి రుచి చూడడం మర్యాద కాదనుకుని ఉంటాడు. నేనూ వెంట గేటుదాకా వచ్చాను. డ్రమ్ముల్లో ఏం పడిందో అప్పుడు నాకు తెలియదు. సాయంత్రం మా మరదలు మాటల్లో చెప్పింది. రేపు ఆయనకు చెబుదాంలే అనుకున్నాను. రేపు వేరే పనులు వచ్చాయి.

మూడు వారాలకు ఆయన గుంత తిరగేస్తే ఒక్క ఎర్ర కూడా కనపడలేదట. మట్టి తీసి నాలిక మీద పెట్టుకున్నాడట. అది ఏడాది పొడుగునా పోగేసిన ఎరువు. ఆ వానలకు దాన్ని వేస్తే పావెకరం పూర్తవుతుందని కోడలికి మాట ఇచ్చి ఉన్నాడు. బండి లేకుండా, వట్టి చేతులతో వీధిలో ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. మా గేటు దగ్గరికి వచ్చినప్పుడు నడవలో మా మేనత్త కూర్చుని ఉంది.

"శెట్టప్పా, తప్పుగా అనుకోవద్దు. మీ ఇంట్లోనుంచి ఉప్పుదేమన్నా పడిందా? ఊరగాయ గానీ, తొక్కు గానీ? కొట్లాడేకి కాదు. ఏం పడింది, ఎంత పడిందని తెలిస్తే, కడిగి బాగు చేసుకోవచ్చునా, ఎత్తి పారేయాల్నా అని."

"ఏందంట?" అంది మేనత్త, ఆయనకు వినపడేటట్టే. "సావింట్లో చెత్త సంగతి ఇచారించేకి వచ్చినాడా?"

"లేదన్నా," అన్నాను. "మా ఇంట్లో అట్లాంటిదేం పొయ్యలేదు."

ఆయన నా మొహం చూశాడు. "సరేప్పా" అని వెళ్లిపోయాడు.

ఎందుకట్లా అన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మేనత్త ముందర చిన్నతనమనిపించింది. అమ్మ పోయిన నెలలోనే ఈ పంచాయితీ ఎందుకనిపించింది. తొమ్మిది జాడీలకు అంత గుంత పాడవుతుందా అని కూడా అనుకున్నాను. ఇవన్నీ అబద్ధం ఆడిన తర్వాత వెతుక్కున్న కారణాలు.

గుంత మొత్తం తవ్వి, బండి మీద ఎత్తి, దూరంగా వంకలో పారబోశాడు. దానికి పది రోజులు పట్టింది. మొదటి వానకు వంగనారు, మటిక్కాయ విత్తనం వేశాడు. తర్వాత నెల రోజులు వాన లేదు. మన్నయిన చోట మొక్క నిలబడింది. గరుసులో వేసిందంతా ఎండిపోయింది. కోడలు నిలబడేంత పంట రాలేదు.

దసరా అయ్యాక ఒక పొద్దున గేటు దగ్గర అడిగాను. "పిల్లోళ్లు పోయినారా అన్నా?"

"పోయినారు."

"పాప?"

"పాప గూడా." బకెట్టు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. "నా దగ్గర ఉండు, బడికి పో, నేను సంగటి చేసి పెడతా అన్నా. వాళ్లమ్మ గూడా ఉండమన్నాది. ఇనల్యా శెట్టప్పా. నేనూ పోతా, నేనూ పోతా అని అదే పట్టుబట్టినాది. ఎప్పుడూ అట్ల మొండికెయ్యని పిల్ల."

ఆ పిల్ల అప్పుడు ఎనిమిదో తరగతి. మళ్లీ బడికి పోలేదు. మరుసటి జూన్‌లో ఆయన అంగడికి ఒక్కడే వచ్చి, ఏమీ కొనకుండా, బల్ల మీది నోటుబుక్కులు కాసేపు చూసి పోయాడు.

మళ్లీ గుంత తీశాడు. మళ్లీ "మేత పెట్టండమ్మా" అన్నాడు. "నా కోడలు ఈడే ఉంటాది, కోడలుంటే పాప ఉంటాది" అనడం కూడా మానలేదు. అక్కడితో ఆపేసేవాడు. బడి మాట ఎత్తేవాడు కాదు.

మా గేటు దగ్గర మాత్రం ఇంకెప్పుడూ వేళ్లు ముంచలేదు. మిగతా ఇళ్ల ముందర ముంచేవాడు. మా బకెట్టు తీసుకుని నేరుగా పోసుకునేవాడు. నా మాట మీద నమ్మకమో, ఇంకేదైనానో, నాకు తెలియదు. ఆ రెండు నిమిషాలు నేను ఇంట్లోనే ఉండిపోవడం అలవాటు చేసుకున్నాను. ఒకసారి ధైర్యం చేసి బయటికి వచ్చి, "అన్నా, ఆ యేటి ఉప్పు సంగతి…" అని మొదలుపెట్టాను. చెయ్యెత్తి ఆపాడు.

"దాని మాట ఇంగ వద్దు శెట్టప్పా. అయిపోయింది."

ఆయనకు తెలిసే ఉంటుందని, తెలిసే మాఫీ చేశాడని అనుకున్నాను. ఆ పొద్దున అంగడికి తేలిక మనసుతో నడిచిపోయాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

దినాలు అయిపోయాక చేనుకు పోయాను. కొడుకు సగంలో వదిలి వచ్చిన పని కోసం మళ్లీ గుంటూరు పోయాడట. కోడలు, మనవరాలు ఉన్నారు. రోడ్డు పక్కంతా ఎర్రటి గరుసు. లోపల ముప్పై సెంట్ల మేర నల్లటి మన్ను, దాంట్లో మోకాలెత్తు మటిక్కాయ చెట్లు. గీత గీసినట్టు ఒక చోట నలుపు ఆగిపోయి ఎరుపు మొదలవుతుంది.

"ఈ పారి వస్తే మళ్లా పోవద్దు, పావెకరం దాటింది అని ఫోన్లో చెప్పినాడు మామ," అంది కోడలు. "పోయేదానికి నాలుగు దినాల ముందరే."

"మరి ఉంటారా అమ్మా?"

"ఉంటాం. ఇట్లా మన్ను వదిలిపెట్టి ఎట్ల పోతాం?" వంగి ఒక కలుపు మొక్క పీకి అంది, "పాప బడే యాడిదాడ ఆగిపోయింది."

అప్పుడు చెప్పాను. తొమ్మిది జాడీలు, పదకొండో రోజు, ఆయన వచ్చి అడిగితే నేను కాదన్న సంగతి. ఏదీ దాచుకోలేదు. ఆమె నా వైపు చూడకుండా వింది. చేతిలో కలుపు మొక్క ఉంటే దాని వేళ్లకు అంటిన మట్టి దులుపుతూ ఉంది.

"ఇప్పుడెందుకు చెప్తాండావు శెట్టప్పా?"

ఆమె కూతురి వైపు తల తిప్పింది.

"నాకు గాదు," అంది. "దానికి చెప్పు."

ఆ పిల్ల మడి చివర కాయలు కోస్తోంది. పదిహేనేళ్లుంటాయి. మిరపకాయల కోతలో నల్లబడిన వేళ్లు చాలా వేగంగా కదులుతున్నాయి. దగ్గరికి పోయి మళ్లీ మొదటినుంచి చెప్పాను. వేళ్లు ఆగాయి.

"రంగుల తొట్టి నీళ్లు గాదా?" అంది.

నాకు అర్థం కాలేదు. రోడ్డు అవతల ఒక షెడ్డు చూపించింది. నూలుకు రంగులు వేసే చోటు. రంగు పట్టడానికి ఆ తొట్లలో ఉప్పు కలుపుతారట. బడి నుంచి వచ్చాక గుంత తడపడానికి రెండు బిందెల నీళ్లు తెచ్చి పోయడం ఆ పిల్ల పని. మంచినీళ్ల తొట్టీ అక్కడే ఉంటుంది, పక్కపక్కనే.

"ఇండ్లన్నీ తిరిగొచ్చినాక తాత నన్నడిగినాడు. తెలీక రంగుల తొట్లో ముంచుకొచ్చినావా పాపా అని."

"నువ్వేమన్నావు?"

"ముంచింటా అన్నా."

"తిట్టినాడా?"

"లేదు. ఇంగ ఈ మాట ఎవురి దగ్గరా అనొద్దు, ఎవురన్నా ఎత్తినా నేను ఎత్తనియ్యను అన్నాడు." బుట్టలో కాయలు సర్దింది. "నా వల్లే గుంత పోయింది గదా, నేనూ కూలికొస్తా అని అమ్మెంట పోయినా."

"నిజంగా ముంచినావా అమ్మా, ఆ తొట్లో?"

"లేదు. మంచినీళ్ల తొట్లోనే. నాకు బాగా గుర్తుండాది."

"మరెందుకు ఒప్పుకున్నావు?"

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. ఇంత చిన్న విషయం ఈయనకు ఎందుకు తెలియడం లేదు అన్నట్టు.

"అందరూ కాదన్నారంట గదా," అంది. "ఇంగ మిగిలింది నేనే."